పరగడుపు మాత్రల సంగతులు నేర్పినవాళ్ళందరికీ కృతజ్ఞతలు

మా నాన్నగారి ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకిందని తేలాక, హార్మోన్ ఇంజెక్షన్‌తో పాటు అబిరాటెరోన్ మాత్రలు మొదలుపెట్టారు. గడియారం, రక్తపరీక్ష, పక్కన వాడే మందులు, ఈ మూడూ చూసుకోకపోతే ఈ మాత్రతో ఇబ్బందే. అవన్నీ విసుక్కోకుండా చెప్పినవాళ్ళు పేర్లు రాయొద్దన్నారు. అందుకని వాళ్ళు చేసిన పనిని బట్టే ధన్యవాదాలు చెబుతున్నాం. ఇదే మందు వాడుతున్న ఇంకో ఇంటికి అక్కరకొస్తుందని వాళ్ళు చెప్పిన విషయాలు కూడా రాస్తున్నాం. మోతాదు మార్చడం మాత్రం మీ డాక్టరుగారి పని.

ముందుగా డే కేర్ సిస్టర్‌గారికి. చీటీ మీద "1000 మి.గ్రా., పరగడుపున" అని ఉంటే సరేనని తలూపి వచ్చేస్తాం. ఆవిడ అక్కడితో వదల్లేదు. "పెద్దాయన పొద్దున్నే కాఫీ ఎన్నింటికి తాగుతారండీ?" అని అడిగారు. చిక్కంతా ఆ కాఫీ దగ్గరే ఉంది. మన ఇళ్ళలో టిఫిన్ చేయకపోతే పరగడుపే, పాలు పోసిన కాఫీని ఎవరూ తిండి కింద లెక్కేయరు. ఈ మందు లెక్కేస్తుంది. తిన్నాక కనీసం 2 గంటలు ఆగి మాత్రలు వేసుకోవాలి, వేసుకున్నాక కనీసం 1 గంట మంచినీళ్ళు తప్ప ఏదీ నోట్లో పడకూడదు. 250 మి.గ్రా. బిళ్ళలైతే నాలుగూ ఒకేసారి నీళ్ళతో మింగాలి, నమలకూడదు, నూరకూడదు. ఆవిడ వేసిచ్చిన పట్టిక ఇది: 5:30కి లేవగానే నాలుగు బిళ్ళలు, 6:30 దాటాక కాఫీ, 8 గంటలకు టిఫిన్, అది కాగానే ప్రెడ్నిసొలోన్ (దీనికి తోడుగా ఇచ్చే స్టెరాయిడ్ మాత్ర). రాత్రిపూట వేసుకునేవాళ్ళు 7 గంటలకు భోంచేసి 10కి వేసుకోవచ్చు, కానీ పడుకోబోయే ముందు పాలు తాగే అలవాటుంటే కుదరదు. ప్రెడ్నిసొలోన్ సంగతి దీనికి తలకిందులు. అది ఏదో ఒకటి తిన్నాకే వేసుకోవాలి, లేకపోతే కడుపులో మంట. రెండు డబ్బాలూ పక్కపక్కన పెడితే తారుమారవుతాయని, ఒకటి మంచం పక్కన, ఒకటి భోజనాల బల్ల మీద పెట్టించారు.

ఇంత పట్టింపు ఎందుకంటే, అబిరాటెరోన్ నీళ్ళలో సరిగా కరగదు, కొవ్వు తోడైతే ఇట్టే ఒంట్లోకి పోతుంది. కొవ్వు తక్కువున్న భోజనంతో వేసుకున్నా రక్తంలోకి చేరే మందు సుమారు 5 రెట్లవుతుంది. నూనె, నెయ్యి దండిగా ఉంటే సుమారు 10 రెట్లు. ఇడ్లీ రోజున ఒక మోతాదు, నేతి పెసరట్టు రోజున ఇంకో మోతాదు పడినట్టన్నమాట. "ఎక్కువ ఒంటబడితే మంచిదేగా" అనే చుట్టాలు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. మంచిది కాదు, బీపీ పెరుగుతుంది, లివర్ దెబ్బతింటుంది. 250 మి.గ్రా. ఒక్క బిళ్ళనే కొవ్వు తక్కువున్న టిఫిన్‌తో ఇచ్చే పద్ధతి కూడా ఉంది. 2018లో 72 మంది మీద చేసిన పరిశోధన అచ్చయింది, ఖర్చు భరించలేనివాళ్ళకు కొందరు డాక్టర్లు అలా రాస్తున్నారు. అది డాక్టరు రాసిస్తేనే. నాలుగు బిళ్ళలూ తిండితో కలిపి వేసుకోవడానికీ దానికీ సంబంధం లేదు.

ఒకరోజు మాత్ర మర్చిపోతే దాన్ని వదిలేసి మర్నాడు మామూలు మోతాదే వేసుకోవాలి, రెండు రోజులవి కలిపి మింగకూడదు. ఒకరోజుకు మించి తప్పితే డాక్టరుగారికి చెప్పాలి.

క్యాన్సర్ డాక్టరుగారు చీటీ వెనక బొమ్మ గీసి మరీ చెప్పారు. ఇంజెక్షన్ గానీ, వృషణాలు తీసే ఆపరేషన్ గానీ వృషణాల్లో తయారయ్యే టెస్టోస్టెరాన్‌ను ఆపుతుంది. మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు, క్యాన్సర్ కణాలు కూడా కొంత తయారుచేసుకుంటాయి. అబిరాటెరోన్ అడ్డేది ఆ తయారీకి కావాల్సిన ఎంజైమునే. అదే ఎంజైము కార్టిసాల్‌కూ కావాలి. కార్టిసాల్ తగ్గిందని మెదడు అడ్రినల్‌ను ఇంకా తొందరపెడుతుంది, తూము మూస్తే నీళ్ళు పక్క బోదెలోకి మళ్ళినట్టు ఉప్పును పట్టి ఉంచే హార్మోన్లు పెరిగిపోతాయి. దాంతో బీపీ పెరుగుతుంది, కాళ్ళు నీరు పడతాయి, పొటాషియం మూత్రంలో పోతుంది. ప్రెడ్నిసొలోన్ 5 మి.గ్రా. ఆ కార్టిసాల్ లోటు పూడ్చడానికి. క్యాన్సర్ ఇంజెక్షన్‌కు ఇంకా లొంగే దశలో రోజుకు ఒకటి, లొంగని దశలో రోజుకు రెండు ఇవ్వడం వాడుక. స్టెరాయిడ్ అనగానే భయపడి ఇంట్లోవాళ్ళు దాన్నొక్కదాన్నే ఆపేస్తుంటారు. అలా ఆపితే అబిరాటెరోన్ చెరుపు అంతా బయటపడుతుంది. వాంతులై మాత్ర నిలవకపోయినా, జ్వరం గట్టిగా వచ్చినా అదేరోజు ఫోన్ చేయమన్నారు.

ఇంటికొచ్చి రక్తం తీసే ల్యాబ్ తమ్ముడికి ప్రత్యేకంగా చెప్పాలి. లివర్ పరీక్ష మొదటి 3 నెలలు రెండు వారాలకోసారి, తర్వాత నెలకోసారి. పొటాషియం, బీపీ, ఒంటి నీరు కనీసం నెలకోసారి. పొటాషియం మామూలుగా 3.5 నుంచి 5 మధ్య ఉండాలి. ఒకసారి తగ్గినవాళ్ళకు 4కి దిగకుండా చూస్తారు. ఒకసారి ట్యూబును వెలుతురుకు పెట్టి చూపించాడు. పైన తేరిన నీరు గడ్డిరంగులో ఉండాల్సింది లేత గులాబీకి తిరిగింది. ఎర్రకణాలు చితికితే వాటిలోని పొటాషియం బయటికొచ్చేసి అంకె ఎక్కువ చూపిస్తుంది. అంటే ఒంట్లో 3.1 ఉన్నా కాగితం మీద 3.8 అని రావచ్చు, అందరూ నిశ్చింతగా ఉంటారు. ఆ శాంపిల్ పారేసి మళ్ళీ తీశాడు. పిడికిలి బిగించి తెరవడం వద్దన్నాడు, పట్టీ ఎక్కువసేపు బిగించి ఉంచలేదు, ఊదామూత ట్యూబు ఆఖర్న నింపాడు. ఆ ట్యూబులో ఉండే మందే పొటాషియం ఉప్పు, దాని చుక్క పక్క ట్యూబులో పడితే లెక్క తప్పుతుందట. పిక్కలు పట్టేయడం, కాళ్ళలో సత్తువ లేకపోవడం, గుండెదడ కనిపిస్తే నెల తిరిగేదాకా ఆగక్కర్లేదని చెప్పింది కూడా అతనే. కొబ్బరినీళ్ళు, పొటాషియం సిరప్ సొంతంగా పట్టించడం మాత్రం వద్దు. టెల్మిసార్టన్, రామిప్రిల్ లాంటి బీపీ మాత్రలు పొటాషియాన్ని పెంచుతాయి, అన్నీ కలిస్తే అటువైపు ప్రమాదం.

లివర్ పరీక్షలో ఎస్‌జీపీటీ అనే అంకె మామూలు హద్దుకు 5 రెట్లు దాటినా, కామెర్లను చూపే బిలిరుబిన్ 3 రెట్లు దాటినా అబిరాటెరోన్ ఆపుతారు. తగ్గాక తక్కువ మోతాదుతో మళ్ళీ మొదలుపెట్టవచ్చు. కళ్ళు పచ్చబడితే కామెర్ల పసరుకు పరుగెత్తకండి, ముందు ఆసుపత్రికి ఫోన్ చేయండి.

ఇక మందుల షాపు అన్నయ్య. కాళ్ళ వాపుకు వేరేచోట రాసిన నీరు మాత్ర చీటీ చూసి కౌంటర్ దగ్గరే ఆపారు. అందులో స్పైరనోలాక్టోన్ ఉంది. పొటాషియం నిలుపుతుంది కదా, మంచిదే అనిపిస్తుంది. కానీ అది ప్రోస్టేట్ కణాల మీద మగ హార్మోన్ కూర్చునే చోటే కూర్చుని వాటిని ఉసిగొల్పగలదు, పీఎస్ఏ (ప్రోస్టేట్ క్యాన్సర్ ఎలా ఉందో చూసే రక్తపరీక్ష అంకె) పెరగవచ్చు. ఆయనే డాక్టరుగారికి ఫోన్ చేసి ఎప్లెరెనోన్ అనే వేరే నీరు మాత్రకు మార్పించారు. షుగర్‌కు పయోగ్లిటజోన్ వాడేవాళ్ళకు అబిరాటెరోన్ వల్ల దాని బలం పెరిగి షుగర్ పడిపోవచ్చు, ప్రెడ్నిసొలోనేమో పెంచుతుంది. కాబట్టి మొదటి వారాల్లో ఇంట్లో గ్లూకోమీటరు ఉండాల్సిందే. బీపీకి, గుండెకు వాడే మెటోప్రొలాల్ బలం కూడా పెరుగుతుంది, నాడి నెమ్మదిస్తుందేమో చూసుకోవాలి. నొప్పికి ట్రమడాల్ ఇస్తే సరిగా పనిచేయకపోవచ్చు. టీబీ మందు రిఫాంపిసిన్ అబిరాటెరోన్‌ను సగానికి పైగా తగ్గించేస్తుంది. ఇంకో మేలు కూడా చేశారు. 250 బిళ్ళలు దొరక్క 500వి ఇచ్చినప్పుడు డబ్బా మీద స్కెచ్చుపెన్నుతో పెద్దగా "2 మాత్రమే" అని రాశారు. అలవాటు కొద్దీ నాలుగు మింగేస్తే 2000 అయ్యేది. నెలకు 250వి 120, 500వైతే 60, బిల్లు దగ్గరే లెక్క సరిచూసుకోండి.

అబిరాటెరోన్ వచ్చింది కదాని ఇంజెక్షన్ మానకూడదు. ఆపరేషన్ అయినవాళ్ళకే ఇంజెక్షన్ అక్కర్లేదు. డాలస్‌లో ఫార్మసీలో పనిచేసే మా అక్కయ్య దీని మీద ఇంట్లో ఒక గందరగోళం తీర్చింది. అమెరికాలో 2020 డిసెంబరులో అనుమతి వచ్చిన రెలుగోలిక్స్ కూడా నోటి మాత్రే, కానీ అది ఇంజెక్షన్‌కు బదులు వాడేది. మొదటిరోజు 120 మి.గ్రా.వి మూడు, తర్వాత రోజుకొకటి, తిని వేసుకున్నా తినక వేసుకున్నా ఒకటే. 7 రోజులకు మించి ఆగిపోతే మళ్ళీ మూడుతో మొదలుపెట్టాలి. ఎరిత్రోమైసిన్ లాంటి మందులు తప్పనిసరైతే రెలుగోలిక్స్ ముందు వేసుకుని 6 గంటలు ఎడం ఇవ్వాలి. అమెరికాలో ఉన్న మామయ్య ఒక్క మాత్రతో సరిపెడుతున్నాడు కదాని ఇక్కడ ఇంజెక్షన్ ఆపడానికి వీల్లేదు.

పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్ల గానీ, కడుపుతో ఉన్న కోడలు గానీ పైపూత లేని 250 బిళ్ళల్ని ఒట్టి చేత్తో డబ్బాలో సర్దకూడదు, గ్లౌజులు వేసుకోవాలి. సిస్టర్‌గారు అడక్కుండానే ఒక జత ఇచ్చి పంపారు. ఎముకల సంగతి డాక్టరుగారు ముందే చూశారు. ఎముకలు బలహీనపడకుండా ఇచ్చే జోలెడ్రోనిక్ ఆసిడ్ ఎక్కించే ముందు పళ్ళ డాక్టరుకు చూపించమన్నారు, ఎందుకంటే ఆ మందు పడ్డాక పన్ను పీకితే దవడ ఎముక మానడం కష్టం.

ఆఖరి ధన్యవాదాలు డిశ్చార్జి కౌంటర్‌లోని అమ్మాయికి. జేబులో పట్టేంత అట్టముక్క మీద తెలుగులోనూ ఇంగ్లీషులోనూ "అబిరాటెరోన్ 1000, ప్రెడ్నిసొలోన్ 5, స్టెరాయిడ్ ఆపరాదు, స్పైరనోలాక్టోన్ వద్దు" అని రాసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇచ్చింది. దెబ్బ తగిలినా, ఆపరేషన్ పడినా ఎమర్జెన్సీలో ముందు చూపించాల్సింది అదేనంది.