మూడో అంతస్తు, కిటికీ పక్క మంచం నుంచి

ఆపరేషన్ అయ్యి ఈరోజుకి పదమూడు రోజులు. ఇంకా పక్కకి తిరిగి పడుకోకూడదు కాబట్టి తాతయ్య పడక కుర్చీలోనే నా నిద్ర, అదీ గంటా రెండు గంటలే. ఆ కుర్చీలోనే కూర్చుని, ఒళ్ళో దిండు పెట్టుకుని, దాని మీద ఫోను పెట్టి ఒక్క వేలితో రాస్తున్నాను. తప్పులుంటే క్షమించండి. రేపు రాద్దాం, రేపు రాద్దాం అని నాలుగు రోజులు ఆగాను. ఇంక ఆగలేను.

మాది గుంటూరు. నాకు పదహారేళ్ళు నిండాయి. నా ఛాతీ మధ్యలో గుంట ఉండేది. "ఉండేది" అని రాస్తుంటేనే చెయ్యి ఆగిపోతోంది.

దీన్ని పెక్టస్ ఎక్స్‌కవేటమ్ అంటారు. పక్కటెముకల్ని రొమ్ము ఎముకతో కలిపే మృదులాస్థి వంకరగా పెరిగి, రొమ్ము ఎముక లోపలికి కుంగిపోతుంది. కొందరికి దీనికి ఎదురు, పావురానికి ఉన్నట్టు ఛాతీ ముందుకి పొడుచుకొస్తుంది. ఆడపిల్లల కంటే మగపిల్లలకి ఎక్కువ. చిన్నప్పుడు పెద్దగా తెలియదు. 2016లో కృష్ణా పుష్కరాలకి విజయవాడ వెళ్ళినప్పుడు నాన్న తీసిన ఫోటో ఒకటి ఉంది. అందులో నేను చొక్కా లేకుండా నవ్వుతున్నాను. గుంట ఉంది కానీ ఎవరూ పట్టించుకోలేదు. భోగి రోజు తలంటు పోసేటప్పుడు అమ్మమ్మ ఆ గుంటలో నూనె పోసి "నా బంగారు గిన్నె" అనేది. పొడుగు పెరిగే వయసు వచ్చేసరికి అది ఒక్కసారిగా లోతయ్యింది. ఎనిమిదో తరగతి నుంచి నాకు తలంటు నేనే పోసుకున్నాను, తలుపు గడియ పెట్టుకుని.

గుంటూరు ఎండల్లో బనియను మీద టీ షర్టు, దాని మీద చొక్కా వేసుకుని తిరిగాను. పుస్తకాలు ఎప్పుడూ ఛాతీకి అదుముకుని నడిచేవాణ్ణి. పదో తరగతి అయిపోయాక స్నేహితులందరం సూర్యలంక బీచ్‌కి వెళ్ళాం. అందరూ సముద్రంలో ఉంటే నేను ఒడ్డున వాళ్ళ చెప్పులకి, ఫోన్లకి కాపలా కూర్చున్నాను. జలుబు చేసిందని చెప్పాను. వాళ్ళు నమ్మారు. మంగళగిరి పానకాల స్వామి గుడికి మెట్లెక్కుతుంటే సగంలోనే గుండె దడదడలాడిపోయేది. మా స్కూల్లో డ్రిల్ మాస్టారు వీపు మీద కొట్టి "ఛాతీ విప్పి నిలబడరా" అనేవారు. ఆయనకి తెలియదు. నేనూ చెప్పలేదు.

మీ ఇంట్లో ఏ పిల్లాడైనా ఎండాకాలంలో రెండు చొక్కాలు వేసుకుని తిరుగుతుంటే, తిట్టకుండా ఒక్కసారి పక్కన కూర్చుని అడగండి.

ఆరేళ్ళు మేం చూపించిన ప్రతి డాక్టరూ ఒకటే మాట. "వయసొస్తే అదే సర్దుకుంటుంది, పాలు, గుడ్లు పెట్టండి, జిమ్‌కి పంపండి." అది తిండితో పూడే గుంట కాదు. ఆ ఆరేళ్ళలో ఒక్కరైనా సీటీ స్కాన్ రాసి ఉంటే బాగుండేది. చివరికి విజయవాడ సూర్యారావుపేటలో ఒక డాక్టరుగారు రాశారు. ఛాతీ అడ్డంగా ఎంత వెడల్పుందో కొలిచి, దాన్ని రొమ్ము ఎముకకీ వెన్నెముకకీ మధ్య ఉన్న దూరంతో భాగించారు. దాన్ని హాలర్ ఇండెక్స్ అంటారట. మామూలుగా రెండున్నర దగ్గర ఉంటుంది. 3.25 దాటితే ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు. నాది 4.6. గుండె ఎడమ పక్కకి జరిగిపోయి ఉంది. ఆ స్కాన్ చూసి అమ్మ అక్కడే కూలబడింది.

ఆపరేషన్ గుంటూరులోనే చేయించాం. చేసిన డాక్టరుగారికి, మత్తు డాక్టరుగారికి నా నమస్కారాలు. ఇది అమెరికాలో డొనాల్డ్ నస్ అనే డాక్టరు 1987లో మొదటిసారి చేసిన పద్ధతి అని ఆయన బొమ్మ గీసి మరీ చెప్పారు. అంతకుముందు ఛాతీని ముందువైపు పొడుగ్గా కోసి మృదులాస్థి తీసేసేవాళ్ళట. ఇందులో రెండు చంకల కింద చిన్న గాట్లు పెట్టి, కెమెరాతో చూస్తూ, వంపు తిరిగిన లోహపు రాడ్డుని రొమ్ము ఎముక కిందుగా దూర్చి, అటునుంచి ఇటు తిప్పుతారు. తిప్పగానే గుంట పైకి లేస్తుంది. దాదాపు మూడేళ్ళు రాడ్డు లోపలే ఉంటుంది, తర్వాత తీసేస్తారు. ఆపరేషన్‌కి ముందే "వాచీ చైను పెట్టుకుంటే దురద వస్తుందా?" అని అడిగారు. నికెల్ పడని వాళ్ళకి వేరే లోహం వాడాలట. అంత చిన్న విషయం కూడా అడిగి తెలుసుకున్నందుకు ఆయనకి ప్రత్యేకంగా థాంక్స్.

అమ్మ, నాన్న, అక్క, మామయ్య గురించి ఇక్కడ ఏం రాయను. వాళ్ళు కాకపోతే ఇంకెవరు చేస్తారు. అమ్మ గాజులు తాకట్టులో ఉన్నాయి, అవి విడిపించే పూచీ నాది.

ఇప్పుడు ఎవరి కోసం ఈ పోస్టు రాస్తున్నానో ఆయన దగ్గరికి వస్తాను.

ఐసీయూ నుంచి వార్డుకి తెచ్చాక వెన్నులో మందు వెళ్ళే సన్నటి గొట్టం తీసేశారు. అప్పుడు తెలిసింది నొప్పంటే ఏంటో. ఛాతీ మీద ఎవరో బండరాయి పెట్టి కూర్చున్నట్టు ఉంటుంది. చేతులు ఊని లేవకూడదు, నడుము మెలి తిప్పకూడదు, ఎవరైనా వెనకనుంచి ఎత్తాలి. రాత్రిపూట వార్డు మొత్తానికి ఒక్క సిస్టర్. బెల్లు కొడితే వచ్చేసరికి అరగంట. ఆవిడని ఏమీ అనను, పరిగెత్తుతూనే ఉండేది. ఒక్క మనిషిని అన్ని మంచాలకి పెట్టినవాళ్ళనే అంటాను. నాన్న ఎత్తబోతే ఆయన చేతులు వణికేవి. రెండుసార్లు మధ్యలో వదిలేశారు. రెండోసారి నేను అరిస్తే నాన్న గోడ వైపు తిరిగి నిలబడ్డారు.

పక్క మంచం మీద ఊపిరితిత్తుల్లో నీరు చేరిన ఒక పెద్దాయన ఉండేవారు. ఆయన తమ్ముడు రాత్రి కాపలాకి వచ్చేవాడు. మిర్చి యార్డులో హమాలీ. మార్చి నెల కదా, యార్డు నిండా సరుకు. పొద్దున వెళ్తే కాటాలు అయ్యి, లారీలకి ఎత్తి, వచ్చేసరికి రాత్రి అయ్యేది. నేను బాబాయ్ అని పిలిచాను. పేరు ఎక్కడా పెట్టొద్దన్నాడు కాబట్టి పెట్టను.

నాన్న గోడ వైపు తిరిగినప్పుడు ఆయన లేచి వచ్చాడు. "నేను చూడనా అండీ" అని నాన్నని అడిగి, నా మోకాళ్ళు రెండూ మడిచి, ఒక చెయ్యి మెడ కింద, ఒక చెయ్యి నడుము కింద పెట్టాడు. "అబ్బాయ్, నువ్వు లేవమాక. నేను లేపుతా. నువ్వు బస్తావి అనుకో. బస్తా మనకి సాయం చెయ్యదు, ఊరికే ఉంటది. నువ్వు కూడా ఊరికే ఉండు" అన్నాడు. ఊరికే ఉన్నాను. ఎప్పుడు కూర్చున్నానో తెలియలేదు. తర్వాత నాన్నకి నేర్పించాడు: బరువు భుజాలతో ఎత్తకూడదు, తొడలతో ఎత్తాలి, ఎత్తేముందు ఊపిరి తీసుకోవాలి, మధ్యలో మనసు మార్చుకోకూడదు. "మా టిక్కీ, అదే మిర్చి బస్తా, నలభై కిలోల పైనే ఉంటది, మీవాడు దానికంటే ఎంతో బరువు లేడు, భయపడమాకండి" అన్నాడు. ఆ రోజు నుంచి నాన్న చేతులు వణకలేదు.

ఆ రాత్రే ఇంకోసారి లేపాల్సి వచ్చింది. ఆయన నా మీదికి వంగగానే చొక్కాలోంచి మిర్చి ఘాటు ముక్కుకి కొట్టింది. వరసగా మూడు తుమ్ములు. ఈ ఆపరేషన్ అయిన వాళ్ళకే తెలుస్తుంది తుమ్ము అంటే ఏంటో. రాడ్డు జరిగిపోయిందేమో అనుకున్నాను. నా అరుపుకి వార్డంతా లేచింది. ఆయన చటుక్కున వదిలెయ్యలేదు. మొహం పక్కకి తిప్పుకుని, ఊపిరి బిగబట్టి, నన్ను అంగుళం అంగుళం దించి, అప్పుడు బయటికి వెళ్ళిపోయాడు. తెల్లారేదాకా వార్డులోకి రాలేదు. ఆయన మనసు కష్టపెట్టామేమో అని నాకు, నాన్నకి ఇద్దరికీ బాధే.

మర్నాడు రాత్రి పదిన్నరకి వచ్చాడు. తల తడిగా ఉంది. సబ్బు వాసన తప్ప ఇంకేం లేదు. ఏమీ జరగనట్టు "లేపమంటావా?" అన్నాడు. తర్వాత వాళ్ళన్నయ్య నాకు మెల్లగా చెప్పారు. "వాడు ఎనిమిదిన్నరకే వచ్చాడు బాబూ. కింద కుళాయి దగ్గర రెండుసార్లు తలకి పోసుకున్నాడు. యార్డు బట్టలు వాచ్‌మన్ గదిలో పెట్టేసి వేరేవి కట్టుకున్నాడు. ఇంకా ఘాటు ఉంటదేమో, పిల్లోడు తుమ్ముతాడేమో అని ఇంతసేపూ మెట్ల మీద గాలికి కూర్చున్నాడు."

పొద్దున్నుంచి బస్తాలు మోసిన మనిషి. తన అన్నయ్య మంచం పక్కన చాప పరుచుకుని పడుకోవాల్సిన మనిషి. నేను ఆయనకి ఏమవుతానని?

నాకు ఏడుపు ఆగలేదు. ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్తున్నప్పుడు ఏడవలేదు, సూర్యలంకలో ఏడవలేదు. ఇప్పుడు వచ్చింది. ఏడిస్తే కూడా నొప్పే. ఏడవొద్దు అని ఆయన అనలేదు. దిండు తీసి నా ఛాతీ మీద పెట్టి, నా రెండు చేతులూ దాని చుట్టూ వేసి, "ఇట్టా అదిమి పట్టుకుని ఏడువు నాన్నా, నొప్పి తక్కువుంటది" అన్నాడు. దగ్గేటప్పుడు అలా పట్టుకోమని సిస్టర్ చెప్పింది ఆయన విన్నాడన్నమాట.

తర్వాత మూడు రాత్రులూ అంతే. తడి తల, సబ్బు వాసన. ఊపిరి పీల్చి బంతులు లేపే డబ్బా నాకూ ఇచ్చారు, వాళ్ళన్నయ్యకీ ఇచ్చారు. మధ్యలో కూర్చుని ఇద్దరివీ లెక్కపెట్టేవాడు. నాకు మూడో బంతి లేచిన రోజు లేచి నిలబడ్డాడు.

ఒక రాత్రి బట్టలు మార్చుకుంటుంటే ఆయన వీపు చూశాను. మెడ కింద ఎత్తుగా కాయ కాసి ఉంది, భుజాల మీద చర్మం మందంగా నల్లబడి ఉంది. నేను చూస్తున్నానని తెలిసీ ఆయన తిరగలేదు, దాచుకోలేదు. నిదానంగా చొక్కా వేసుకుని "ఇరవై రెండేళ్ళ పని" అన్నాడు. ఆ మర్నాడు డ్రెస్సింగ్‌కి సిస్టర్ వచ్చినప్పుడు తెర వెయ్యమని నేను అడగలేదు.

డిశ్చార్జి రోజు పొద్దున ఆయన యార్డులో ఉన్నాడు. చెప్పకుండానే వచ్చేశాను. నాన్న అంతకుముందు డబ్బులివ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నాడట.

ఇంకో మాట కూడా రాయాలి. మా ఇన్సూరెన్స్ వాళ్ళు ఇది "అందం కోసం చేసే ఆపరేషన్" అని రెండుసార్లు తిప్పి పంపారు. సీటీ స్కాన్ పెట్టాం, గుండె ఎకో పెట్టాం, ఊపిరితిత్తుల పరీక్ష పెట్టాం. జరిగిపోయిన గుండె ఆ కాగితాల్లో స్పష్టంగా ఉంది. అందం అట. నాన్న ఏటా కట్టిన ప్రీమియం ఏమైనట్టు? మా కాలేజీలో కూడా లిఫ్టు స్టాఫ్‌కి మాత్రమేనట. కొన్ని నెలలు బ్యాగు మోయకూడదని డాక్టరు రాసిచ్చిన కాగితం చూపిస్తే, హాజరు తగ్గితే పరీక్షలకి కష్టం అన్నారు. ముక్కూ మొహం తెలియని మనిషి నా తుమ్ము గురించి మెట్ల మీద రెండు గంటలు కూర్చుంటే, నా వివరాలన్నీ ఫైల్లో ఉన్నవాళ్ళకి ఒక్క కాగితం చదివే తీరిక లేదు. రాస్తుంటేనే కోపం వస్తోంది, ఆపేస్తాను.

బాబాయ్‌ది బటన్ ఫోను. ఇది చూడడు. యార్డులో వాళ్ళు ఎవరైనా చదివితే, మార్చి చివర్లో అన్నయ్యకి ఆస్పత్రిలో కాపలా ఉన్న బాబాయ్‌కి చెప్పండి: కిటికీ పక్క మంచం కుర్రాడు నిన్నటి నుంచి తనంతట తనే లేస్తున్నాడు, తొడల బలంతోనే లేస్తున్నాడు అని. నడిచే ఓపిక రాగానే నేనే వస్తాను. ఘాటు ఉన్నా పరవాలేదు.

మర్చిపోయాను: స్కాన్ దగ్గర నా చొక్కా పట్టుకుని, వేసుకునేదాకా అటు తిరిగి నిలబడ్డ అక్కకి థాంక్స్. రోజూ నోట్సు తెచ్చి ఇచ్చిన నా ఫ్రెండ్‌కి. ఇంటికి వచ్చేటప్పుడు ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా ఆపి ఆపి తెచ్చిన ఆటో అన్నకి. క్యాంటీన్‌లో వేణ్ణీళ్ళకి డబ్బులు తీసుకోని పెద్దమ్మకి.

ఇంకా, అయ్యో, వాచ్‌మన్ తాత! ఆ నాలుగు రోజులూ బాబాయ్ బట్టలు ఉన్నది ఆయన గదిలోనే. ఆ ఘాటుకి ఆయన ఎంత తుమ్మి ఉంటాడో. తాతా, నీకు కూడా.