ఆయిల్ సెన్సర్ మార్చబోతున్న అబ్బాయికి

చిన్నా,

నువ్వు పంపిన ఫొటో పెద్దది చేసి మూడు నాలుగు సార్లు చూశాను. ఆయిల్ ఫిల్టర్‌కి కాస్త పైన ఉన్న, ఆయిల్ ఒత్తిడి చూసే ఆ సెన్సర్ చుట్టూ తడి, దాని వైరు మీద దుమ్ము పట్టిన జిడ్డు. "సెన్సరే లీకవుతోంది అమ్మా, ఆదివారం నేనే మార్చేస్తా" అన్నావు. మార్చు, నీ వల్ల అయ్యే పనే. కానీ ఫోన్ పెట్టేసే ముందు ఇంకో మాట అన్నావు: "అప్పుడప్పుడు డాష్‌బోర్డు మీద ఆయిల్ ఎర్ర లైటు కూడా వెలుగుతోందిలే, అదీ సెన్సర్ వల్లే." ఆ "లే" నన్ను రాత్రి నిద్రపోనివ్వలేదు. అందుకే ఈ ఉత్తరం.

అమ్మకి ఇవన్నీ ఎలా తెలుసని నవ్వకు. మీ నాన్న బోనెట్ ఎత్తిన ప్రతిసారీ టార్చి పట్టుకుని నిలబడింది నేనే. ఆయనకి చేతి కింద ఉన్న బోల్టు ఒక్కటే కనబడేది, నాకు ఇంజిన్ మొత్తం కనబడేది.

లైటు మాత్రమే ఉన్న చాలా బండ్లలో మనం సెన్సర్ అంటున్నది ఒట్టి స్విచ్. లోపల పల్చటి పొర, దాని వెనక చిన్న స్ప్రింగు, రెండు కాంటాక్టులు. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు ఆ రెండూ కలిసి ఉంటాయి, అందుకే తాళం తిప్పగానే దీపం వెలుగుతుంది. ఇంజిన్ స్టార్టయి పంపు ఆయిల్‌ని నెట్టగానే పొర వంగి కాంటాక్టులు విడిపోతాయి, దీపం ఆరిపోతుంది. మామూలుగా ఇది 0.3 నుంచి 0.5 బార్ ఒత్తిడి దగ్గర జరుగుతుంది. అంటే చూడు, ఒత్తిడి తగ్గడం మొదలైనప్పుడు ఈ దీపం ఏమీ చెప్పదు. దాదాపు అయిపోయాక చెబుతుంది. దాన్ని చూసి "ఇంటిదాకా వెళ్లి చూద్దాంలే" అనుకుంటే, బేరింగుల మధ్య ఆయిల్ పొర లేకుండా ఇనుముకీ ఇనుముకీ రాపిడి పెట్టి నడుపుతున్నట్టే. మూడు వైర్ల రకమైతే అది నిజంగానే సెన్సర్, ఎక్కువగా 5 వోల్టులు తీసుకుని, ఒత్తిడిని బట్టి వోల్టేజీ మారుస్తూ బండి కంప్యూటర్‌కి కబురు పంపుతుంది.

ఆ పొరకి ఒక పక్క వేడి ఆయిల్, ఇంకో పక్క గాలి. ఏళ్ల తరబడి అలా ఉండి ఉండి ఒక రోజు పొర చిట్లుతుంది, లేదా లోహపు ఒంటికీ ప్లాస్టిక్ తలకీ మధ్య నొక్కి చేసిన అతుకు వదులవుతుంది. అప్పుడు ఆయిల్ కనెక్టర్‌లోకి ఎక్కుతుంది. అక్కడితో ఆగకపోవచ్చు కూడా. వత్తిలో నూనె పాకినట్టు వైరు తొడుగు లోపలి నుంచి చాలా దూరం పోతుంది. నువ్వు పట్టించుకోకుండా వదిలేసిన జిడ్డు వైరు సంగతి ఇదే కావచ్చు.

కావచ్చు అన్నాను, అంతే. పైన వాల్వ్ కవర్ గాస్కెట్, అంటే ఇంజిన్ పై మూత కింద ఉండే సీలు, కారినా ఆయిల్ జారి జారి ఈ సెన్సర్ మీదికే వస్తుంది. మీ నాన్న ఇలాగే ఒకసారి కొత్త సెన్సర్ బిగించారు, వారానికి అదీ తడిసింది, ఇంకొకటి తెచ్చి బిగించారు. రెండోసారి నేను టార్చి కాస్త పైకి తిప్పితే గాస్కెట్ అంచు నల్లగా తడిగా మెరుస్తోంది. కాబట్టి ముందు ఆ చోటంతా డీగ్రీజర్‌తో కడిగి పూర్తిగా ఆరనివ్వు. ఆ తర్వాత డిప్‌స్టిక్, అదే ఆయిల్ మట్టం చూసే కడ్డీ, తీసి చూసి, మట్టం సరిగ్గా ఉంటేనే ఇంజిన్‌ని కాసేపు ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా, ఉంచి, తడి మొదట ఎక్కడ పుడుతోందో చూడు. ఎక్కడ చేరిందన్నది లెక్కకి రాదు, గాలి దాన్ని వెనక్కీ పక్కకీ నెడుతుంది. ఇంజిన్ ఆపాక కనెక్టర్ ఊడదీసి లోపలికి చూడు. పిన్నుల దగ్గర ఆయిల్ ఉంటే చాలావరకు సెన్సర్ పోయినట్టే.

లీకు సంగతి తేలినా లైటు సంగతి తేలినట్టు కాదు. అది ఎప్పుడెప్పుడు వెలుగుతోందో నాకు చెప్పనే లేదు నువ్వు. మలుపుల్లో, గట్టిగా బ్రేక్ వేసినప్పుడు వెలిగితే సంపులో, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో, ఆయిల్ తక్కువై, ఉన్నది ఒక పక్కకి ఒరిగి, పంపు గాలి పీలుస్తోందేమో. బాగా వేడెక్కి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వెలిగితే ఒత్తిడి నిజంగానే తక్కువగా ఉండొచ్చు: బేరింగులు అరగడం, పల్చటి ఆయిల్ పోయడం, పంపు జల్లెడ మడ్డితో మూసుకుపోవడం, ఏదైనా. గతుకుల్లో మాత్రమే మిణుకుమంటే వైరునో కనెక్టర్‌నో అనుమానించు. ఇవన్నీ ఊహలే. నిజం చెప్పేది గేజు ఒక్కటే. ఎలాగూ సెన్సర్ విప్పుతావు కదా, అదే రంధ్రంలో మెకానికల్ ఆయిల్ ప్రెషర్ గేజు బిగించి, ఇంజిన్ వేడెక్కాక ఐడిల్‌లో ఎంత, 2000 ఆర్‌పీఎమ్ (నిమిషానికి 2000 చుట్లు) దగ్గర ఎంత అన్నది చూడు. ప్రతి వెయ్యి ఆర్‌పీఎమ్‌కి 10 పీఎస్ఐ ఒత్తిడి ఉండాలని పాత మెకానిక్కుల లెక్క ఒకటి ఉంది గానీ, నువ్వు నీ బండి మాన్యువల్లో ఉన్న అంకెనే నమ్ము. గేజు దొరికేదాకా బండి బయటికి తీయకు. లైటు చికాకు పెడుతోందని కనెక్టర్ పీకేసి అసలే తిరగకు. ఒక్క వైరు ఉన్న మామూలు స్విచ్‌కి వైరు ఊడదీస్తే దీపం ఆరిపోయే ఉంటుంది, ఇంజిన్ పోతున్నా సరే.

ఇక మార్చే పని. ఇంజిన్ చల్లారాలి, బ్యాటరీ నెగెటివ్ తీసేయాలి. కిందికి దూరాల్సి వస్తే జాకీ ఒక్కదాన్నే నమ్మి పడుకోకు, స్టాండ్లు పెట్టు, చక్రాలకి అడ్డం పెట్టు. ఇందులో నాతో వాదించకు. ఆయిల్ మొత్తం దింపాల్సిన పని సాధారణంగా ఉండదు. ఆ రంధ్రం ఆయిల్ గ్యాలరీలోది, అంటే బ్లాకులో ఆయిల్ పారే దారిలోది, సంపు కంటే పైన ఉంటుంది కాబట్టి కాస్త కారి ఆగిపోతుంది. కింద ట్రే, చేతిలో పాత గుడ్డ ఉంటే చాలు. కనెక్టర్ కొక్కెం ఎండిపోయి పెళుసుగా ఉంటుంది, నొక్కి లాగు, పెకిలించకు. సెన్సర్‌ని ప్లాస్టిక్ తల దగ్గర పట్టుకుని తిప్పకు, లోతు సాకెట్ వేసి లోహపు ఆరు పలకల మీదే బలం పెట్టు.

పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి మరలు పోల్చు. చూపుకి ఒకేలా ఉండి మర వేరైతే రెండు చుట్లు ఎక్కి బిగుసుకుంటుంది, అంతటితో బ్లాకులోని మర చెడుతుంది. మర కిందికి పోయేకొద్దీ సన్నబడుతుంటే అది టేపర్ రకం, మరే సీలు చేస్తుంది. ఒకే మందంగా ఉంటే కింద వాషరో ఓ-రింగో ఉంటుంది. పాత వాషర్ రంధ్రం అంచుకే అతుక్కుని ఉండిపోతుంది ఒక్కోసారి, వేలితో తడిమి చూడు.

మీ నాన్న గొప్ప పొరపాటు ఇక్కడే జరిగింది. ఈ ఉత్తరం ఆయన భుజం మీంచి చదువుతున్నారు, వద్దంటున్నారు, అయినా రాస్తాను. కుళాయిలకి చుట్టే తెల్లటి టేపు తీసి ఆ టేపర్ మరకి నాలుగు చుట్లు చుట్టారు. ఆ టేపు జారుడుగా ఉంటుంది కదా, ఎంత తిప్పినా బిగిసినట్టే అనిపించదు. "ఇంకొంచెం" అన్నారు. రాచెట్‌కి గొట్టం తొడిగి మళ్లీ "ఇంకొంచెం" అన్నారు. టిక్‌మని చిన్న చప్పుడు. తల చేతిలోకి వచ్చింది, ఇత్తడి మెడ బ్లాకులో ఉండిపోయింది. మెడ మధ్యలో రంధ్రం ఎలాగూ ఉంటుంది కాబట్టి విరిగిన ముక్కని బయటికి తిప్పి తీసే ఎడమ మర ఎక్స్‌ట్రాక్టర్ అందులోకి దిగింది, కానీ ఒక పూట అనుకున్న పని రెండు రోజులు పట్టింది. టేపు ముక్కలు తెగి ఆయిల్ దారిలోకి పోతాయి, అది ఒక తంటా. ఒక్క వైరు రకానికి కరెంటు తిరిగి వెళ్లే దారి ఆ మరల గుండానే, టేపు దాన్నీ పాడుచేయొచ్చు. కొత్త సెన్సర్ మర మీద రంగు పూతలా ఏదైనా కనిపిస్తే అది కంపెనీ వేసిన సీలెంటే, ఇంకేమీ రాయక్కర్లేదు. మాన్యువల్ రాయమంటే లోపలికి పోయే కొస దగ్గర ఒకటి రెండు మరలు వదిలేసి పల్చగా రాయి.

మొదటి మూడు నాలుగు చుట్లు వేళ్లతోనే తిప్పు. తేలిగ్గా పోకపోతే వెనక్కి తీసి మళ్లీ మొదలుపెట్టు. చివర టార్క్ రెంచితో, అంటే ఎంత బలం పెట్టామో చూపే పానాతో, మాన్యువల్ చెప్పినంతే బిగించు. కనెక్టర్‌ని కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగి ఆరనివ్వు, రబ్బరు సీలు ఆయిల్ తాగి ఉబ్బి ఉంటే మార్చేయి. లేకపోతే కొత్త సెన్సర్ కూడా తప్పుడు కబుర్లే చెబుతుంది. ఎగ్జాస్ట్ మీద చిందిన ఆయిల్ తుడవడం మర్చిపోకు, వేడికి పొగ వస్తుంది, అంటుకోనూ వచ్చు.

తాళం తిప్పగానే దీపం వెలగాలి, స్టార్ట్ అయిన కొద్ది సెకన్లలో ఆరిపోవాలి. అసలు వెలగకపోతే అదీ లోపమే. టార్చి పట్టి ఒకసారి చూడు, పది పదిహేను నిమిషాలు నడిపాక మళ్లీ చూడు. బండి చదునైన చోట పెట్టి, కాస్త ఆగి, డిప్‌స్టిక్ చూసి తగ్గినంత ఆయిల్ పోసేయి. గీత దాటించకు.

గేజు మీద కనిపించిన రెండు అంకెలూ కాగితం మీద రాసి ఫొటో పంపు. మీ నాన్న మాన్యువల్‌లో ఆ పేజీ దగ్గర వేలు పెట్టుకుని ఇప్పటినుంచే ఎదురుచూస్తున్నారు.

అమ్మ