పాల సూదులపై ప్రకాశం జిల్లా పశుసంవర్ధక శాఖాధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

పాలు పెంచే సూది అనగానే ఊళ్లలో రెండు వేర్వేరు మందులు కలగాపులగం అవుతున్నాయి. ఒకటి ఆక్సిటోసిన్. అది పాలు పుట్టించదు. పొదుగులో అప్పటికే ఉన్నవాటిని చేపుకు తెస్తుంది, అంతే.

రెండోదైన ఆవు పెరుగుదల హార్మోన్ (బీఎస్‌టీ) దారి వేరు. కాలేయంలో ఐజీఎఫ్-1 అనే మరో పెరుగుదల హార్మోన్‌ను పెంచుతుంది, ఒంటి కొవ్వును కరిగిస్తుంది, కండకు పోవాల్సిన గ్లూకోజును పొదుగుకు మళ్లిస్తుంది. అమెరికా 1993లో అనుమతించిన ఈ మందు మోతాదు 500 మిల్లీగ్రాములు. ఈనిన తొమ్మిదో వారం నుంచి 14 రోజులకోసారి. పాలు సుమారు 10-15 శాతం పెరుగుతాయి.

చిక్కంతా మేత దగ్గరే. పాలు రోజుల్లోనే పెరుగుతాయి, ఆవు తిండి పెరగడానికి మాత్రం వారాలు పడుతుంది. ఆ మధ్యకాలమంతా ఒంట్లో నిల్వలే ఖర్చు. వరిగడ్డి, కాస్త తవుడుతో నెట్టుకొచ్చే పశువైతే డొక్కలు ఎండిపోయి, ఎదకు రావడం ఆలస్యమవుతుంది. పాలు పెరిగేకొద్దీ ఒంట్లో పుట్టే వేడీ పెరుగుతుంది. ఒంగోలు మే నెల ఎండలకు అది తోడైతే ఇక చెప్పాలా? పొదుగువాపు, కుంటు ముప్పు చూసే కెనడా 1999లో ఈ మందును తిరస్కరించింది.

డాక్టరు చీటీ లేకుండా ఆక్సిటోసిన్ అమ్మకుండా ఔషధ తనిఖీ అధికారులతో కలిసి దుకాణాలు చూడండి. పశువు ఆరోగ్యానికి హాని చేసే పాల సూది 1960 జంతుహింస నివారణ చట్టం 12వ సెక్షన్ కింద నేరమని పాల కేంద్రాల దగ్గర బోర్డు పెట్టించండి. అంతకన్నా ముఖ్యం, రైతు సేవా కేంద్రాల్లో ఖనిజ మిశ్రమం (రోజుకు 50 గ్రాములు) ఎప్పుడూ దొరకాలి. ఆవుకు రెండున్నర లీటర్ల పాలకు, గేదెకు రెండు లీటర్లకు కిలో దాణా అన్న లెక్క మీ సిబ్బందే ఇంటింటికీ చెప్పాలి.

ఇట్లు,
ఒంగోలు ప్రాంత పాడి రైతులు, పశువైద్యులు