సెలవు రోజుల్లోనే గ్రంథాలయాలకు తాళం వేస్తే ఎలా?

సంపాదకుల వారికి,

నమస్కారం. బడికి వెళ్లే పిల్లలకూ, ఉద్యోగాలు చేసుకునే తల్లిదండ్రులకూ ఒకేసారి తీరిక దొరికే రోజులు ఏడాదిలో చాలా తక్కువ. సరిగ్గా ఆ రోజుల్లోనే మన శాఖా గ్రంథాలయాలు మూసి ఉంటున్నాయి. ఈ విషయాన్ని మీ పత్రిక ద్వారా జిల్లా గ్రంథాలయ సంస్థల అధికారుల దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

2025 దసరా సెలవుల చివరి వారంలో విజయవాడలోని మా ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాం. పగటిపూట ఫోన్లు పక్కన పెట్టి, చదవడం, వినడం, కలిసి బయటికి వెళ్లి చూసి రావడం అనే మూడు పనులకే సమయం ఇవ్వాలనుకున్నాం. వినే పనికి మా అత్తగారే పెద్ద. తెల్లవారుతూనే ఆవిడ ఆకాశవాణి విజయవాడ కేంద్రం పెడతారు. భక్తిరంజని, ఆ తర్వాత ప్రాంతీయ వార్తలు వినకుండా ఆవిడకు రోజు మొదలు కాదు. 1948 డిసెంబరు 1న మొదలైన ఆ కేంద్రం మా ఇంట్లో నాలుగు తరాల వారికి తెలిసిన గొంతు. ఒక మధ్యాహ్నం రేడియో నాటకం వస్తుంటే, నాలుగో తరగతి చదివే మా అబ్బాయి, స్టూడియోలోకి గుర్రాన్ని ఎలా తీసుకొచ్చారని అడిగాడు. అత్తగారు వంటింట్లోంచి రెండు కొబ్బరి చిప్పలు తెచ్చి, నేల మీద బోర్లించి టకటకలాడించి చూపించారు. ఆ సాయంత్రమంతా పిల్లలిద్దరూ నాటకాలు కట్టుకుంటూనే ఉన్నారు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యలుగా పిల్లలకు ఎంత చేశారో ఆవిడ చెప్పింది ఆ రోజే. అంతకు ముందు ఆ పేర్లు మా పిల్లలకు తెలియవు.

చూసి వచ్చినవీ దగ్గరివే. బాపు మ్యూజియంలో అల్లూరు నుంచి తెచ్చిన బుద్ధుని నిలువెత్తు విగ్రహం ముందు మా అమ్మాయి చాలాసేపు నిలబడిపోయింది. 1921లో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెసు కమిటీ సమావేశాల్లో పింగళి వెంకయ్యగారు గాంధీజీకి జెండా నమూనా అందించిన ఊరు మనదేనని బడిలో చదివింది కానీ, బుద్ధుడు కూడా మన కృష్ణా తీరం వాడిలాగే కనిపించడం ఆమెకు కొత్త. మరునాడు ఉండవల్లి గుహలకు వెళ్లాం. కొండను పైనుంచి కిందికి నాలుగు అంతస్తులుగా తొలిచారంటే, పొరపాటున ఒక స్తంభం విరిగితే మళ్లీ ఎలా అతికించేవారని అబ్బాయి అడిగాడు. ఒకే రాతిలో మలిచిన అనంతశయనుడి దగ్గరికి వచ్చాక, మొదట్లో ఇవి భిక్షువుల ఆవాసాలంటారు కదా, మరి ఈ స్వామి ఎప్పుడు వచ్చాడని అమ్మాయి అడిగింది. నా దగ్గర గానీ, మావారి దగ్గర గానీ సరైన సమాధానం లేదు. "రేపు లైబ్రరీకి వెళ్లి చూద్దాం" అన్నాం.

వెళ్లాం. తాళం వేసి ఉంది. ఆ ఏడాది గాంధీ జయంతి, విజయదశమి రెండూ అక్టోబరు 2న, గురువారం వచ్చాయి. మరునాడు శుక్రవారం, గ్రంథాలయానికి వారపు సెలవు. శనివారం నాటికి బడులు తెరిచేశారు. మామూలు రోజుల్లో మా వార్డులోని శాఖా గ్రంథాలయం ఉదయం కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు తెరుస్తారు. పిల్లలు బడి నుంచి, ఆపై ట్యూషన్ నుంచి వచ్చి, మేము ఆఫీసుల నుంచి ఇల్లు చేరేసరికి అక్కడ దీపాలు ఆర్పేస్తుంటారు. అంటే మాలాంటి కుటుంబానికి ఆదివారం ఒక్కటే మిగులుతుంది. వారపు సెలవు శుక్రవారానికి మార్చి ఆదివారం తెరిచి ఉంచాలని నిర్ణయించిన పెద్దలు ఎవరో గానీ, పాఠకుడి తీరికను తెలిసిన వాళ్లు. వాళ్లకు చేతులెత్తి నమస్కరించాలి. అదే ఆలోచనను పండుగ సెలవులకూ, వేసవి సెలవులకూ వర్తింపజేయమని మాత్రమే నేను అడుగుతున్నాను.

ఈ ఊరికి ఆ మాట అడిగే హక్కు ఉంది. 1914 ఏప్రిల్ 10న ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది బెజవాడలోనే. అయ్యంకి వెంకట రమణయ్యగారు జీవితమంతా దానికే ధారపోశారు. 1935లో పాతూరి నాగభూషణంగారు పుస్తకాలను పడవలో పెట్టి కృష్ణా కాలువ వెంట పల్లెపల్లెకూ పంపించారు. పొలం పనులు చేసుకునే వాళ్లు పుస్తకం దగ్గరికి రాలేరని, పుస్తకమే వాళ్ల రేవుకు వెళ్లింది. ఇప్పుడు మనకు కాలువలో పడవ అక్కర్లేదు. ఉన్న భవనం తలుపులు, జనం రాగలిగిన వేళకు తెరిస్తే చాలు.

ఇందుకు డబ్బు లేదనడానికీ వీల్లేదు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మనమందరం కడుతూనే ఉన్నాం. పురపాలక సంఘాలు, పంచాయతీలు ఇలా వసూలు చేసిన సొమ్మును గ్రంథాలయ సంస్థలకు సకాలంలో జమ చేయడం లేదన్న వార్తలు మీ పత్రికలోనే ఎన్నోసార్లు చదివాను. ఆ బకాయిలు రాబట్టాల్సింది ప్రభుత్వమే. మరోపక్క, చాలాచోట్ల ఒకే ఒక్క గ్రంథాలయాధికారి తలుపు తీయడం దగ్గర నుంచి పత్రికలు సర్దడం, పుస్తకాలు ఇవ్వడం దాకా అన్నీ చేస్తుంటారు. వారి పండుగను వారికి లేకుండా చేయమని అనడం అన్యాయం. పండుగ రోజు పనిచేసిన వారికి బదులు సెలవు ఇవ్వాలి. బడి సెలవుల కాలానికి రోజు వేతనంపై ఒక సహాయకుణ్ణి తీసుకోవాలి. ఊళ్లో ఉన్న డిగ్రీ విద్యార్థులు సంతోషంగా వస్తారు.

నా విన్నపం ఇది. బడి సెలవుల్లో శాఖా గ్రంథాలయాలను మధ్యాహ్నం మూయకుండా ఉదయం నుంచి రాత్రి ఎనిమిది దాకా తెరిచి ఉంచాలి. ప్రభుత్వ సెలవు దినాల్లో కనీసం మధ్యాహ్నం దాకా తెరవాలి. సభ్యత్వ ధరావతు కట్టిన కుటుంబానికి, సెలవులకు ముందే ఎక్కువ పుస్తకాలు ఇంటికి తీసుకెళ్లే వీలు కల్పించాలి. పిల్లల గదిలో బీరువాలకు తాళాలు తీసి, వాళ్లే చేత్తో తీసుకుని తిరగేసేలా ఉంచాలి. మా గ్రంథాలయంలో పాత పిల్లల మాసపత్రికల బైండు సంపుటాలు అద్దాల వెనక ఉన్నాయి. బయటి నుంచి వాటి వీపుల మీద సంవత్సరాలు చదువుకోవడమే తప్ప, మా అబ్బాయి ఇంతవరకు ఒక్కటీ ముట్టుకోలేదు.

ప్రతి ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు జరిపే జాతీయ గ్రంథాలయ వారోత్సవాల్లో వ్యాసరచన, వక్తృత్వ పోటీలు పెట్టి బహుమతులు ఇస్తారు. అవి జరగాల్సిందే. రాబోయే వారోత్సవాల వేదిక మీద పని వేళల మార్పును కూడా ప్రకటిస్తే, ఆ తర్వాత వచ్చే సంక్రాంతి సెలవులకు అమలు చేయడానికి సమయం సరిపోతుంది. ఉండవల్లి గుహల గురించి మా పిల్లలు అడిగిన ప్రశ్నలు కాగితం మీద రాసి పెట్టుకున్నాం, సంక్రాంతికి వాటిని పట్టుకుని గ్రంథాలయానికి వస్తాం.

– ఒక పాఠకురాలు, విజయవాడ