ఈ నెల పుస్తకం 'కాండీడ్' గురించి

అందరికీ నమస్కారం. ఆదివారం పూజ తర్వాత మన చర్చ ఫ్రెంచి రచయిత వోల్టేర్ 1759లో అచ్చు వేయించిన నవల 'కాండీడ్' మీద. శ్రీసభ (కతోలిక సంఘం) 1762లో దీన్ని నిషేధించింది కదా, చదవొచ్చా అని అడిగారు. ఆ నిషిద్ధ గ్రంథాల పట్టికే 1966లో రద్దయింది. అయితే గురువులను (ఫాదర్లను) ఎగతాళి చేసే చోట్లు, బూతు ఉన్న చోట్లు చాలానే ఉన్నాయి. దయచేసి పిల్లల గ్రూపులో పెట్టకండి.

మనం ముఖ్యంగా మాట్లాడాల్సింది కథానాయకుడు కాండీడ్‌కు చదువు చెప్పిన పాంగ్లాస్ గురించి. 1755 నవంబరు 1న, సకల పునీతుల పండుగ రోజు, లిస్బన్‌లో భూకంపం వచ్చి ఎందరో గుళ్లలోనే చనిపోయారు. నవలలో బతికినవాళ్లు కన్నీళ్లతో రొట్టె తింటుంటే పాంగ్లాస్ అంతా మంచికేనని ఓదారుస్తాడు. నవ్వొస్తుంది, వెంటనే మనసు చివుక్కుమంటుంది. 2004లో క్రిస్మస్ మర్నాడే మన నెల్లూరు, ప్రకాశం తీరానికి సునామీ వచ్చింది. బిడ్డను పోగొట్టుకున్న తల్లితో ఆ మాట ఎలా అంటాం?

శ్రీసభ బోధ అది కానే కాదు. చెడు చెడే. దానిలోంచి కూడా దేవుడు మేలు తీయగలడని పునీత అగస్టీను రాశారు. ఆ మేలేమిటో మనకు తెలిసినట్టు చెప్పడం మాత్రం తప్పు. బైబిలులో యోబు కష్టాలకు కారణం తమకు తెలిసినట్టు మాట్లాడిన అతని స్నేహితుల మీద దేవుడు కోపగించాడు కూడా.

వోల్టేర్ కథలో దేవుని కరుణకు చోటు లేదు, అది నేను ఒప్పుకోలేను. కానీ నావికుణ్ణి కాపాడి తాను మునిగిపోయే జాక్ ఉన్నాడు. ఆ ఐదో అధ్యాయం, యోబు 42, లూకా 13 చదివి రండి.