పెదమ్మకు పదో శాలువా వద్దు

ఎడిటర్ గారికి,

నమస్కారం. క్రిస్మస్ కానుకల గురించి మొన్న ఆదివారం మీరు వేసిన పేజీ మా షాపులో అందరం చదివాం. పిల్లలకు ఏం కొనాలి, కొత్త కోడలికి ఏం కొనాలి, ఆఫీసులో తోటివాళ్లకు ఏం ఇవ్వాలి అని బాగానే రాశారు. ఇంట్లో పెద్దవాళ్ల దగ్గరికి వచ్చేసరికి రెండు లైన్లలో తేల్చేశారు: శాలువా, డ్రై ఫ్రూట్స్ డబ్బా, పెద్దక్షరాల బైబిలు. మా షాపులో హుక్కులు, కాజాలు కుట్టే అమ్మాయి అది పైకి చదివి నా వైపు చూసి నవ్వింది. దానికి తెలుసు, మా పెదమ్మ ట్రంకుపెట్టెలో 9 శాలువాలున్నాయని. వాటిలో మూడు నేను కొన్నవే.

నేను విజయనగరంలో గంటస్తంభం దగ్గర లేడీస్ టైలర్ని. 31 ఏళ్లుగా ఇదే పని. మాకు ఏడాదికి మూడు సీజన్లు. దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమానుతో మొదటిది అయిపోతుంది. నవంబరు సగం నుంచి క్రిస్మస్ బట్టలు, అవి తెమలకముందే సంక్రాంతి. డిసెంబరులో మా టేబుల్ మీద పడే బట్టల్లో తెలుపు ఎక్కువ. మా సంఘాల్లో పెద్ద వయసు ఆడవాళ్లు చర్చికి తెల్లచీర కట్టుకుని వెళ్లడం అలవాటు. అందుకని కొడుకు ఒకటి కొంటాడు, కూతురు ఒకటి కొంటుంది, పైదేశంలో ఉన్న మనవడు డబ్బు పంపిస్తే ఇంకొకటి. ఒకే ముసలమ్మకి ఒకే వారంలో అయిదు తెల్ల జాకెట్లు కుట్టిన రోజులున్నాయి. ఆవిడ మాత్రం షాపుకి రాదు. ఆది జాకెట్టు వస్తుంది.

శాలువాల సంగతి చెప్తాను. మా పెదమ్మకి 81 ఏళ్లు. మా అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. పుట్టిల్లు పొందూరు దగ్గర పల్లె, మెట్టినిల్లు నెల్లిమర్ల వైపు. పిల్లల హాస్టల్లో 27 ఏళ్లు వంట చేసింది. అయిదారేళ్లుగా ఎక్కడికి వచ్చినా శాలువా కప్పుకునే వచ్చేది, ఎండలు ముదిరాక వచ్చే ఈస్టర్‌కి కూడా. వయసు మీద పడ్డాక ఒంట్లో కండ, కొవ్వు తగ్గి చలి ఎక్కువ తెలుస్తుందంటారు, అది నిజమే. పెద్దావిడకి చలి ఎక్కువ అనుకుని ఎవరికి వాళ్లం ఒక్కో శాలువా కొంటూ పోయాం.

మూడేళ్ల కిందట క్రిస్మస్ ఆరాధన అయ్యాక మధ్యాహ్నం ఎండలో అందరం ఫొటో దిగుతున్నాం. ఆవిడకి చెమటలు కారిపోతున్నాయి. ఇంకా ఇదెందుకని శాలువా తీయబోయాను. రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. ఇంటికి వచ్చాక తెలిసింది. జాకెట్టుకి అయిదు హుక్కులుంటే కింది రెండే పెట్టి ఉన్నాయి. పై మూడూ వదిలేసి, అవి కనపడకుండా శాలువా.

"సేతి ఏళ్లు వంగట్లేదురా బాబూ. పై హుక్కు కాడికి సెయ్యి రాదు" అంది.

"మరి నాకు చెప్పొచ్చు కదా పెదమ్మా?"

"నువ్వు కుట్టినియ్యి కదేటి. బాగోలేవని ఎలాగ సెప్తాను?"

ఎడిటర్ గారూ, నేను టేపు మెడలో వేసుకునే అన్నం తింటాను. మనిషిని చూసి కొలత చెప్పేస్తానని బజారులో పేరు. అలాంటి నేను మా పెదమ్మ కొలత 11 ఏళ్లుగా తీసుకోలేదు. ఎప్పుడో ఇచ్చిన ఆది జాకెట్టు పెట్టుకుని ఏటేటా కత్తిరిస్తూ వచ్చాను. పైగా ఆవిడ దగ్గర కుట్టుకూలి తీసుకోనని నలుగురికీ చెప్పుకునేవాణ్ని. ఆ రోజు కూర్చోబెట్టి టేపు పెడితే భుజం అంగుళం తగ్గింది, చేతి లూజు రెండంగుళాలు తగ్గింది. కుడి చెయ్యి భుజం దాటి పైకి లేవడం లేదు. షుగరు ఉన్నవాళ్లకి భుజం అలా బిగుసుకుపోతుంటుందని తర్వాత డాక్టరు చెప్పారు.

ముందు టిచ్ బటన్లు పెట్టి చూశాను. ఊడదీయడం సులువే, నొక్కి పెట్టాలంటేనే వేలిలో బలం కావాలి. పనికిరాలేదు. తర్వాత వెల్‌క్రో పట్టీ పెట్టాను. స్కూలు బ్యాగులకి ఉంటుందే, చరచరమని ఊడి వచ్చేది, అది. గరుకు వైపు ఒంటికి తగలకుండా కింది పట్టీకి బయటివైపు కుట్టాలి, మెత్తటి వైపు పై పట్టీకి. చూసేవాళ్లకి మామూలు జాకెట్టులాగే ఉండాలని పైన అయిదు ఉత్తుత్తి బొత్తాలు. చంక దగ్గర అర అంగుళం వదులు. లంగాకి బొందు తీసేసి వెడల్పు ఎలాస్టిక్, నడుము మీద అచ్చు పడనంత బిగువులో. జాకెట్టుకి 40 రూపాయలు ఎక్కువైంది, అంతే. ఉతికేటప్పుడు మాత్రం పట్టీ అంటించి ఉతకాలి, లేకపోతే గరుకు వైపు పక్కనున్న చీర దారాలు లాగేస్తుంది. ఒక చీర అలా పోయాక చెప్తున్నాను.

ఆ ఈస్టర్‌కి శాలువా లేకుండా వచ్చింది.

అప్పట్నుంచి "మా అమ్మమ్మకి ఏం కొనమంటారు?" అని ఎవరైనా షాపులో అడిగితే, ఆవిడ ఈమధ్య ఏ పని మానేసిందో చెప్పమంటున్నాను. ఏం కావాలని ఆవిడనే అడిగితే లాభం లేదు. మా వైపు ఏ ముసలమ్మని కదిపినా ఒకటే జవాబు: "నాకేటి కావాల్రా నాయనా, మీరు సల్లగా ఉంటే సాలు." ఏం మానేసిందంటే మాత్రం మనవలు కాసేపు ఆలోచిస్తారు. ఒకమ్మాయి "సాయంత్రం కూర్చుని పాటలు పాడుకునేది, ఇప్పుడు పాడట్లేదు" అంది. వెళ్లి చూసుకుంటే ఆ గదిలో ట్యూబులైటు పోయి ఆరు నెలలైందట, చిన్న బల్బు వెలుతురులో పాటల పుస్తకం ఆనడం లేదు. ముసలి కంటికి మన కంటే ఎక్కువ వెలుతురు కావాలి. లైటు వేయించి, కళ్లద్దాలు మార్పించారు. పాత పుస్తకమే సరిపోయింది.

మా పెదమ్మ మానేసిన ఇంకో పని క్రిస్మస్ తెల్లవారుజాము ఆరాధన. మా చర్చిలో నాలుగింటికి మొదలవుతుంది. చిన్నప్పుడు మంచులో మమ్మల్ని లేపి, తలకి తువ్వాలు చుట్టి లాక్కెళ్లింది ఆవిడే. మోకాళ్ల నొప్పులు అనుకున్నాం. ముందు వరసలో కుర్చీ వేయిస్తామన్నా రాలేదు. అసలు సంగతి నాతో చెప్పలేదు, నా భార్యతో చెప్పింది. బీపీకి వేసుకునేవాటిలో ఒకటి నీళ్ల మాత్ర. అది వేసుకుంటే గంటకోసారి లేవాలి. చర్చి వెనక బాత్రూమ్ నేల మీద కూర్చునేది, గడప జానెడు ఎత్తు, పట్టుకుందామంటే గోడ తప్ప ఏమీ లేదు. కొన్నాళ్లు చర్చికి వెళ్లే రోజు ఆ మాత్ర ఎగ్గొట్టి చూసిందట, సాయంత్రానికి కాళ్లు వాచేవి. ఆఖరికి చర్చే మానేసింది.

ఆ ఏడాది మా ఇళ్లలో ఆవిడకి చీరలు కొనే డబ్బంతా ఒకచోట వేశాం. పాస్టరు గారితో మాట్లాడి చర్చి బాత్రూమ్‌లో వెస్ట్రన్ సీటు పెట్టించాం, పక్క గోడకి స్టీలు రాడ్ బిగించాం, గడప మీదికి సిమెంటుతో వాలు కట్టించాం. మాత్ర సంగతి డాక్టర్ని అడిగితే, చర్చి నుంచి వచ్చాక వేసుకోవచ్చు, మానడం మాత్రం వద్దన్నారు. (ఎవరి మాత్ర గురించి వాళ్ల డాక్టర్నే అడగండి, నా మాట పట్టుకోకండి.) ఇదంతా నీ కోసమేనని ఆవిడకి చెప్పలేదు, చెప్తే సిగ్గుతో చచ్చిపోతుంది. విచిత్రం ఏమిటంటే, తర్వాతి నెలలో ఇంకో అయిదుగురు పెద్దవాళ్లు మళ్లీ చర్చికి రావడం మొదలుపెట్టారు. వాళ్ల ఇళ్లలోనూ మోకాళ్ల నొప్పులనే చెప్పారట.

నా తప్పు ఒకటి రాయకపోతే ఇదంతా గొప్పలు చెప్పుకున్నట్టుంటుంది. అంతకుముందు ఒక క్రిస్మస్‌కి, కాళ్లు చల్లగా అయిపోతున్నాయంటే వేడినీళ్ల రబ్బరు సంచి కొనిచ్చాను. షుగరు వల్ల ఆవిడ పాదాలకి స్పర్శ తగ్గిపోయిందని నాకు తెలియదు. రాత్రి కాళ్ల కింద పెట్టుకుని పడుకుంది. కాలుతున్నా తెలియలేదు, తెల్లారేసరికి బొబ్బలు. పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. షుగరు ఉన్న పెద్దవాళ్లకి దయచేసి వేడి సంచి కొనకండి. పైన బిగుతు లేని నూలు మేజోళ్లు చాలు. చెప్పులు కొనాలంటే మెత్తటి అట్టతో ఎం.సి.ఆర్. (మైక్రో సెల్యులర్ రబ్బరు) చెప్పులు దొరుకుతాయి, వెనక పట్టీ ఉన్నవి చూడాలి, స్పర్శ లేని కాలి నుంచి చెప్పు జారిపోయినా మనిషికి తెలియదు. కొలత సాయంత్రం పూట చూడండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బుతుంది.

చేతికర్రకి కూడా కొలత ఉంటుంది. బజారులో ఉన్న సైజు తెచ్చేస్తారు చాలామంది. మా పెదమ్మ కర్ర పట్టుకుంటే ముసలిదాన్ని అంటారని గొడుగు పట్టుకుని నడిచేది, చినుకు లేని రోజుల్లో కూడా. గొడుగు మొన అరిగి ఉండడం చూశాక నాకు అర్థమైంది. ఫిజియోథెరపీ చేసే అతను చెప్పింది టైలర్ని కాబట్టి నాకు వెంటనే ఎక్కింది: రోజూ వేసుకునే చెప్పులతో నిటారుగా నిలబెట్టి, చెయ్యి కిందికి వదిలేయమని, నేల నుంచి మణికట్టు మడత వరకు టేపు పెట్టాలి. కర్ర పిడి అక్కడికి రావాలి. కుడి మోకాలు నొప్పైతే కర్ర ఎడమ చేతిలో ఉండాలి. అందరూ తిరగేసి పట్టుకుంటారు. కింద రబ్బరు బుష్ అరిగితే మార్చాలి, లేకపోతే తడి గచ్చు మీద అదే పడేస్తుంది. ఆవిడ గొడుగు పిడిలాంటి వంపు పిడి అయితేనే పట్టుకుంటానంది. అదే తెచ్చాం.

బెంగళూరు మనవడు పంపిన స్మార్ట్‌ఫోన్ ఇప్పుడు పక్కింటి కుర్రాడి గేములకి పనికొస్తోంది. పలాస నుంచి వచ్చిన జీడిపప్పు డబ్బా, పళ్లు లేని మనిషి కాబట్టి, క్యారల్స్‌కి వచ్చిన పిల్లల జేబుల్లోకి వెళ్లిపోయింది. పొడి చేసి పాలలో కలిపిద్దామని మాలో ఒక్కరికీ తట్టలేదు.

పొందూరు ఖద్దరు గురించి కూడా రాయాలి, ఎందుకంటే డబ్బున్నవాళ్లు మొదట అదే కొంటామంటారు. ఆవిడకి ఆ ఖద్దరు గురించి మనం చెప్పే పని లేదు. వాలుగ చేప దవడ ఎముకతో కొండపత్తి దువ్వడం చిన్నప్పుడు వాళ్లింట్లో పనే. నేను చీర తెచ్చి ఇస్తే అంచు రెండు వేళ్ల మధ్య నలిపి "ఎన్నో కౌంటు?" అంది. వందో కౌంటు అన్నాను, అంటే చాలా సన్న నూలు. మొహం వెలిగిపోయింది. ఒక్కసారి కట్టింది, మడిచి పెట్టెలో పెట్టేసింది. "ఉతికినోలు ఎవరు, గంజెట్టినోలు ఎవరు?" అంది. అదీ నిజమే, కోడలు పొద్దున్నే డ్యూటీకి పోతుంది. ఇప్పుడు నెలకోసారి ఆ చీర తెచ్చి, ఉతికించి, గంజి పెట్టించి, ఇస్త్రీ చేయించి ఇచ్చే పని నాది. ఖరీదు ఒకసారి కట్టాను, చాకిరీ నెలనెలా కడుతున్నాను.

ఇన్నేళ్లలో ఆవిడ నోరు తెరిచి అడిగింది ఒక్కటే. పోయిన డిసెంబరులో రుమాలు మూట విప్పి 2,000 చేతిలో పెట్టి, "బేంకు కాడికి ఎల్తే కొత్త ఇరవై నోట్లు ఒక కట్ట తేరా" అంది. ఒకటో తారీఖున ఇంటికి వచ్చే 4,000 పింఛనులోంచి కొంచెం కొంచెం దాచిందట. క్యారల్స్‌కి వచ్చే పిల్లలకి, మనవలకి తలా ఒక నోటు ఇవ్వాలని. ఆ డబ్బు నువ్వే ఉంచుకో, కట్ట నేను తెస్తాలే అన్నాను. కోపం వచ్చేసింది. "నీ డబ్బులైతే నాను ఇచ్చినట్టు ఎలాగవుతాది?" అంది. రెండు రోజులు బ్యాంకులు తిరిగి, మూడో దాంట్లో క్యాషియర్ని బతిమాలుకుని తెచ్చాను. ఆ రాత్రి గుమ్మంలో స్టార్ లైటు కింద కుర్చీ వేసుకుని, కొత్త నోట్లు ఒకదానికొకటి అంటుకుపోతుంటే వేలు తడి చేసుకుంటూ ఒక్కొక్కటీ విడదీసి ఇచ్చింది. వంగని ఆ వేళ్లతోనే. నేను సాయం పట్టబోతే చేతి మీద ఒకటి వేసింది.

వచ్చే ఏడాది మీ పేజీలో పెద్దవాళ్లకి ఇంకో నాలుగు లైన్లు ఎక్కువ ఇస్తారని ఆశిస్తున్నాను.

నా షాపు తెలిసినవాళ్లకి ఒక మాట. డిసెంబరు 15 తర్వాత క్రిస్మస్ బట్టలు తీసుకోమని బోర్డు పెట్టాను కదా, 70 దాటిన ఆడవాళ్ల జాకెట్లకి ఆ బోర్డు లేదు. 22 రాత్రి వరకు తీసుకుంటాను. ఆది జాకెట్టు పంపకండి, మనిషిని తీసుకురండి. షాపు ముందు రెండు మెట్లున్నాయి. ఇన్నేళ్లూ వాటి పక్కన పట్టుకోడానికి ఏమీ లేదు. వెల్డింగ్ అతను గురువారం వచ్చి కడ్డీ బిగిస్తానన్నాడు.

ఇట్లు,
ఒక లేడీస్ టైలర్,
విజయనగరం

(పేరు వేయకండి. పెదమ్మకి మనవడు రోజూ మీ పేపరు చదివి వినిపిస్తాడు. బాత్రూమ్ సంగతి రాసింది నేనేనని తెలిస్తే ఈ క్రిస్మస్‌కి నాకు పొంగడాలు రావు.)