అమ్మకు తేదీ తెలియదు, కార్తె తెలుసు: ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

మాది దివిసీమ. మా అమ్మకు 71 ఏళ్లు, బడి మొహం చూడలేదు. పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోవడం, చెప్పిందే మళ్లీ చెప్పడం ఎక్కువైందని కిందటేడాది శ్రావణంలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఇవాళ తేదీ ఎంత, వందలోంచి ఏడు తీసేస్తే ఎంత అని డాక్టరు గారు అడిగారు. అమ్మ నా మొహం చూసింది. అయిదు నిమిషాల్లో "మతిమరుపు జబ్బు, ఈ వయసులో మామూలే" అని పంపేశారు. బస్టాండులో కూర్చున్నాక అమ్మ అడిగింది, "మఖ కార్తె వచ్చేసిందిగా, కింది చేను నాట్లు అయిపోయాయా?" అని. మఖ మొదలై అది రెండో రోజు.

తర్వాత వేరే డాక్టరు రక్తపరీక్ష చేయిస్తే బి12 విటమిన్ బాగా తక్కువగా ఉందని తేలింది. చెవులు కూడా సరిగా వినపడటం లేదు. ఇంజెక్షన్లు పడ్డాక పాలు పొంగిపోవడం తగ్గింది.

1977 నవంబర్ 19న ఉప్పెన వచ్చినప్పుడు అమ్మకు 23 ఏళ్లు. నా చిన్నప్పుడు ఆ సంగతి చెబుతుంటే ఏ తుమ్మచెట్టు పట్టుకుందో, ఎవరి గేదె పలుపు చేతికి తగిలిందో అన్నీ వచ్చేవి. ఇప్పుడు "నీళ్లొచ్చాయి, ఊరు పోయింది" అని ఆపేస్తుంది. మొన్న అటక సర్దుతూ సొట్టపడిన ఇత్తడి బిందె దించి చేతికిచ్చాను. సొట్టలో వేలు పెట్టి కాసేపు తడిమింది. "ఇది మూడో రోజు కాలవగట్టు మీద దొరికింది. నిండా ఒండ్రు, అందులో ఒక రొయ్య. నా చేతిలో తుమ్మముళ్లు మీ నాన్న పిన్నీసుతో తీశారు" అంది. ముళ్ల సంగతి నేను వినడం అదే మొదటిసారి.

వయసు మీద పడేకొద్దీ మెదడులో జ్ఞాపకాలు నిలవడానికి సాయపడే హిప్పోకాంపస్ అనే భాగం కొంత కుంచించుకుపోతుంది. జరిగిన సంగతి మొత్తంగా గుర్తుంటుంది, ఎవరు ఎక్కడున్నారు, ఏం వాసన వచ్చింది లాంటి వివరాలు ముందు జారిపోతాయి. పదేళ్లకూ ముప్ఫై ఏళ్లకూ మధ్య జరిగినవి మిగతా వాటికన్నా బాగా నిలుస్తాయి. ఊరికే అడిగితే రానిది, ఒక వస్తువో పాటో చూపిస్తే వస్తుంది. మతిమరుపు జబ్బు వేరు. దానిలో ఎంత గుర్తుచేసినా చాలాసార్లు రాదు, తెలిసిన దారే తప్పిపోవచ్చు. ఈ రెంటినీ విడదీసి చెప్పే మనిషి మా ఊళ్లో లేరు.

దేశంలో 60 దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా, అంటే ఆ మతిమరుపు జబ్బు, ఉందని 2023లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. ఆడవాళ్లలో, పల్లెల్లో ఎక్కువని కూడా చెప్పింది. మా అమ్మలాంటి వాళ్లే కదండీ! వాళ్లను పరీక్షించే దారి లేదని నేను ఒప్పుకోను. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో 648 మంది రోగులను చూసి, రెండు భాషలు మాట్లాడేవాళ్లకు డిమెన్షియా నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలవుతోందని 2013లో ప్రకటించారు. ఆ రోగుల్లో చదువు రానివాళ్లూ ఉన్నారు, అంటే వాళ్లనూ పరీక్షించగలిగారు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అయిదు భాషల్లో తయారుచేయించిన జ్ఞాపకశక్తి పరీక్షల్లో తెలుగూ ఉంది.

ఊళ్లో హెల్త్ క్లినిక్‌లో బీపీ, షుగర్ చూస్తున్నారు. అక్కడే 60 దాటినవాళ్లకు ఏడాదికొకసారి జ్ఞాపకశక్తి కూడా చూడమని ఆదేశాలివ్వండి. తేదీకి బదులు తిథో కార్తో చెప్పినా ఒప్పుకోవాలి. తీసివేతలకు బదులు సంతలో చిల్లర లెక్క అడగాలి. జబ్బని ముద్ర వేసేముందు బి12, థైరాయిడ్, చెవులు, మనసులో దిగులు చూసి తీరాలి. ఆశా కార్యకర్తలకు దీని మీద శిక్షణ ఇప్పించండి, ఇంటింటి సంగతీ తెలిసినవాళ్లు వాళ్లే.

వచ్చే నెల అమ్మకు చెవుల పరీక్ష ఉంది. దానికోసం రెండు బస్సులు మారి విజయవాడ వెళ్లాలి.

ఇట్లు,
దివిసీమ నుంచి ఒక కూతురు